ఎడమ దిక్కు పాట

చెవి గురించి పుస్తకాలు రాసినవాళ్లందరి మీద నాకొక ఫిర్యాదు ఉంది. బొమ్మ వేస్తారు. బయటి డొప్ప, లోపలి గొట్టం, కర్ణభేరి, దాని వెనక మూడు చిన్న ఎముకలు, ఆ తర్వాత నత్తగుల్ల లాంటిది ఒకటి. అక్కడినుంచి మెదడు వైపు ఒక దారం గీసి, దానికి బాణం గుర్తు పెట్టి, ఇక పని అయిపోయిందని చేతులు దులుపుకుంటారు. అసలు సంగతి ఆ బాణం గుర్తు దగ్గర మొదలవుతుందని ఒక్కరూ చెప్పరు. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ని. తర్వాత చదివిందంతా ఆర్మూర్ గ్రంథాలయం బెంచీ మీద, అట్టలు ఊడిన పుస్తకాల్లో చదివిందే. ఇంత వయసొచ్చాక చెవి బొమ్మ మీద కోపమేమిటని మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. కారణం ఉంది.

ఎనభైల్లో నేను ఒక అడ్తి దుకాణం వెనక పసుపు పాలిష్ డ్రమ్ము నడిపేవాణ్ని. అడ్తి అంటే రైతు తెచ్చిన సరుకును వ్యాపారులకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు మొదట గరుకుగా, మట్టిరంగులో ఉంటాయి. వాటిని చిల్లుల ఇనప డ్రమ్ములో పోసి ఇంజనుతో తిప్పితే ఒకదానికొకటి రాసుకొని, పైపొట్టు రాలి, రంగు తేలుతుంది. ఆ చప్పుడు పక్కనున్న మనిషి మాటను మింగేస్తుంది. సీజన్ మొదలైతే నా కనురెప్పల మీద కూడా పసుపే. మా అక్క నన్ను చూసి, "ఏం రా, పెండ్లికొడుకు లెక్కున్నవ్, పిల్లేది?" అని ఎగతాళి చేసేది.

ఆ చప్పుడులో నాకొక వింత తోచేది. ఇంజను డుగడుగ, డ్రమ్ములో కొమ్ముల గలగల, హమాలీల కేకలు, రోడ్డు మీద నిజామాబాద్ బస్సు హారను, ఇవన్నీ గాలిలో కలిసిపోయే కదా నా చెవి చేరేది? రెండే రంధ్రాలు, వాటిలోకి ఒకటే రొద. అయినా నాకు రొదలా వినబడేది కాదు. దేనికది విడిగా వినబడేది. కొమ్ములు సరిగ్గా ఎండకపోతే ఆ గలగలలో ఒక మెత్తదనం ఉండేది. బెల్టు తెగబోయే ముందు సన్నగా కీచుమనేది. ఇంజను మోత ముందు ఆ కీచు ఎంత? దోసిట్లో నీళ్లంత. అయినా అది మొదలవగానే నా తల దానంతట అదే అటు తిరిగేది. మక్కలు, కందులు, పసుపు, ఇసుక ఒకే సంచిలో కలిపి ఎవరో నా నెత్తిన కుమ్మరిస్తుంటే, లోపల ఇంకెవరో కూర్చొని దేనికది ఏరి కుప్పలు పోస్తున్నట్టు ఉండేది. వాడెవడు? ఆ పని ఎప్పుడు నేర్చుకున్నాడు? నేను చెప్పకుండానే ఎట్లా చేస్తున్నాడు?

గ్రంథాలయానికి వచ్చే ఒక పంతులుగారిని అడిగాను.

"చెవిల మూడు ఎముకలుంటయి" అన్నారాయన, పేపరు మీదినుంచి తల ఎత్తకుండా.

"ఎముకలు అడగలే సార్. గీ చప్పుళ్లను ఏరేది ఎవలు అని అడిగిన."

"పసుపు నడిపేటోనికి గదంత ఎందుకయ్యా?"

ఆ మాట ఇప్పటికీ నాకు మంటే. పసుపు నడిపేవాడికి కాకపోతే ఇంకెవరికి కావాలి?

నా ప్రశ్న అట్లాగే ఉండిపోయేది. కానీ అదే ప్రశ్న మా బావ బతుకులో ఎదురుపడింది.

మా అక్క పెనిమిటి, అంటే మా బావ, అదే దుకాణంలో హర్రాజు, అంటే వేలంపాట, నడిపేవాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. అప్పట్లో మా దగ్గర పసుపు ధర నోటితో చెప్పుకునేవాళ్లు కాదు. బావ తన కుడిచేతి మీద తువ్వాల కప్పుకునేవాడు. కొనే వ్యాపారులు ఒకరి తర్వాత ఒకరు ఆ తువ్వాల కింద చెయ్యి పెట్టి, బావ వేళ్లు పట్టి నొక్కేవాళ్లు. ఏ వేలు పట్టారు, ఎన్ని వేళ్లు పట్టారు అన్నదే ధర. ఒకరి ధర ఇంకొకరికి తెలియదు. అందరూ అయ్యాక బావ తువ్వాల దులిపి, ఎక్కువ ఇచ్చినవాడి పేరు పైకి చెప్పేవాడు. చుట్టూ ఎంత గోల జరుగుతున్నా ఆయన మొహంలో గీత కదిలేది కాదు. ఆ నిదానం చూసే రైతులు ఆయన్ని నమ్మేవాళ్లు.

నమ్మనిది తువ్వాలను. దాని కింద ఏం జరుగుతుందో తమకు తెలియడం లేదని రైతులు చాలా ఏళ్లు కొట్లాడారు. వాళ్ల కోపం న్యాయమైనదే. నా సరుకు ధర నా కళ్లముందు గుడ్డ కింద దాక్కోవడమేమిటి? ఎనభైల చివర్లో ఒక సీజన్‌కు ముందు మార్కెట్లో నిర్ణయం అయింది. ఇకమీదట పాట నోటితోనే, అందరికీ వినబడేట్టు.

అందరూ సంతోషించారు. బావ కూడా సంతోషించాడు. "నా చెయ్యి అరిగిపోయింది బామ్మర్ది, ఇగ జర ఆరాం" అన్నాడు.

మొదటి వారంలోనే తేడా కొట్టింది. షెడ్డులో పసుపు కుప్ప ముందు బావ నిలబడేవాడు. వ్యాపారులు చుట్టూ గుండ్రంగా మూగేవాళ్లు. ముగ్గురు నలుగురు ఒకేసారి పాడేవాళ్లు. బావ కళ్లు అటూ ఇటూ పరుగెత్తేవి. ఒకడు గొంతు చించుకొని ఎక్కువ పాడుతుంటే, వాణ్ని వదిలేసి తక్కువ పాడినవాడికే మూడోసారి అని పాట కొట్టేసేవాడు. అడిగితే, "గాయన పాడలే గదా" అనేవాడు. పాడాడని పది మంది చెప్పినా ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యమే కనబడేది.

మా దుకాణానికి ఎప్పుడూ వచ్చే వ్యాపారుల్లో ఒకాయన బొజ్జ మనిషి. ఎండ తగలదని రోజూ బావకు కుడిచేతి పక్కనున్న షెడ్డు స్తంభం నీడన, ఒకే చోట నిలబడేవాడు. కుప్పలన్నీ ఆయనకే పోవడం మొదలైంది. దానితో మాట పుట్టింది. ఒకరోజు అంకాపూర్ రైతు ఒకాయన పసుపు అట్లాగే తక్కువకు పోయింది. మంచి సేద్యగాడు, మాట పదును. అందరూ పటేల్ అనేవాళ్లు. ఆయన బావ ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"అటు దిక్కునున్నోడు కూతపెట్టి మొత్తుకుండు. నీకు ఇనవడలే?"

"ఇనవడలే పటేలా. ఒట్టు."

"స్తంభం కాడున్న బొర్రోడు దగ్గినా ఇనవడ్తది. గాయన కంటే ఎక్కువ పాడినోడు మొత్తుకున్నా ఇనవడది. ఎంతకమ్ముకున్నవయ్యా చెవులు?"

సేటు, అంటే దుకాణం యజమాని, పటేల్‌ను బతిమాలి పంపించి, బావతో ఒకటే మాట అన్నాడు. "హోలీ దాకా చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే తువ్వాల ఈడ వెట్టి పో."

పని పోతే పోయేది, ఇంకో పని దొరికేది. కానీ చెవులు అమ్ముకున్నవాడన్న పేరుతో బయటికి పంపితే ఏ అడ్తి గడపా ఎక్కనివ్వదు. మార్కెట్లో హర్రాజు మనిషికి ఉండేదంతా ఆ పేరే.

మా ఊళ్లో ఒక డాక్టరు దగ్గరికి బావను తీసుకుపోయాను. ఆయన బల్లకు ఎదురుగా కూర్చోబెట్టి, టార్చితో చెవుల్లో చూసి, నెమ్మదిగా నాలుగు మాటలడిగాడు. ఆ నిశ్శబ్దపు గదిలో బావ అన్నిటికీ జవాబు చెప్పాడు.

"చెవులు మంచిగనే ఉన్నయి. ధ్యాసనే లేదు. మనసు పెట్టి ఇను" అన్నాడాయన.

మనసు పెట్టాలట! అంతకంటే మనసు పెట్టే మనిషిని నేను చూడలేదు. హర్రాజు అయ్యేసరికి బరువు మోసినవాడిలా ఆయన నుదుటినుంచి చెమట కారేది. అయినా డాక్టరు మాటే మా ఇంట్లో కూడా నిలబడింది. మా అక్క చాలా ఏళ్లనుంచి అంటున్నదీ అదే. "పాలు పొంగితే అర్రల నుంచి ఇనవడ్తది. నేను పక్కన కూసోని పిలిస్తే ఇనవడది. నా గొంతంటేనే గిట్టది గీ మనిషికి."

అక్కడే నాకు కుతూహలం మళ్లీ తలెత్తింది. పొంగే పాల చప్పుడెంత? మనిషి గొంతెంత? చిన్నది విని పెద్దది వదిలే చెవి ఎట్లా ఉంటుంది? బావ అబద్ధమాడడని నాకు తెలుసు. మరి నిజమేమిటి? డ్రమ్ము తిప్పుతూ రోజూ అదే ఆలోచన.

జవాబు మధ్యాహ్నపు కునుకులో దొరికింది. తిన్నాక బావ డ్రమ్ము వెనక ఖాళీ గోనెసంచుల మీద పడుకునేవాడు. ఒక్కోరోజు, "జర ఇంజను బందు వెట్టు, తల పలుగుతున్నది" అని కసిరేవాడు. ఒక్కోరోజు అదే ఇంజను పక్కన, అదే మోతలో, గురకపెట్టి పడుకునేవాడు. ఒళ్లు అలిసిన తేడా అనుకునేవాణ్ని. ఆ రోజు గమనించాను. కసిరేటప్పుడు ఎడమవైపు తిరిగి పడుకుని, తర్వాత కుడివైపు దొర్లాడు. కుడి చెవి గోనెసంచిలో కూరుకోగానే నిద్రపోయాడు. ఇంజను అట్లాగే మోగుతోంది.

నా దగ్గర చిన్న ట్రాన్సిస్టర్ ఉండేది. ఆయన లేచాక ఇంజను ఆపి, పాటలు పెట్టి, గొంతు బాగా తగ్గించి, దాన్ని ఆయన ఎడమ చెవికి ఆనించాను.

"ఎట్లుంది బావా?"

ఆయన దాన్ని ఇంకా దగ్గరగా అదుముకొని, "సెల్లులు అయిపోయినయి రా" అన్నాడు.

దాన్నే కుడి చెవికి మార్చాను. ఉలిక్కిపడ్డాడు. మళ్లీ ఎడమకు పెట్టాను. మళ్లీ కుడికి. తర్వాత ఆయనే నా చేతిలోంచి లాక్కొని అటూ ఇటూ పెట్టుకున్నాడు. ఎడమ చెవికి ఆనించినప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేవాడు, ఎక్కడో పోగొట్టుకున్నదాన్ని వెతుకుతున్నట్టు.

"గిది నాకు ఎప్పుడు పోయింది రా?" అన్నాడు.

నిజామాబాద్‌లో చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. ఈయన వేరే రకం మనిషి. రెండు కాళ్లున్న ఒక ఉక్కు చువ్వను మోకాలికి కొట్టి, మోగుతుండగా చెవుల దగ్గర, నుదుటి మీద పెట్టి చూశాడు. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయి. మొహం వాచి మంచం పట్టానని బావకు గుర్తుంది. అప్పుడే ఎడమ చెవి లోపలి నరం పోయి ఉంటుందన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఒక్క చెవితో బతికినవాడికి, లోకమంతా ఒక్క చెవితోనే వింటున్నదనిపిస్తుందట. పోల్చుకోవడానికి రెండోది ఉంటే కదా!

నేను నా పాత ప్రశ్న బయటపెట్టాను. "గన్ని చప్పుళ్లు కలిసి వస్తే, ఏరేది ఎవలు సార్?"

ఆయన నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మంచిగ అడిగినవ్. చెవులు మోసుకొస్తయి, అంతే. ఏరేది మెదడు. ఎడమ దిక్కు మాట్లాడితే ఎడమ చెవికి రవ్వంత ముందు చేరుతది, రవ్వంత గట్టిగ చేరుతది. నడుమ తల అడ్డం ఉన్నది కదా. గా రవ్వంత తేడా పట్టుకొని మెదడు ఒక్కో గొంతును ఒక్కో జాగాల కూసోవెడ్తది. జాగా దొరికితేనే దాన్ని పైకి తీసి, మిగిలినయి కిందికి నూకుతది. మీ బావకు ఒక్క చెవే గనక తేడా దొరకదు. నిశ్శబ్దంల ఒక్క గొంతుంటే ఫికర్ లేదు. పది గొంతులు లేస్తే అన్నీ ఒకటే ముద్ద."

మందు లేదన్నాడు. మంచి చెవిని జనం దిక్కు పెట్టుకొమ్మన్నాడు. నాకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది, జవాబు కోసం కాదు. ప్రశ్నను ప్రశ్నగా తీసుకున్నందుకు.

తిరుగు బస్సు అంకాపూర్ దాటుతుండగా బావ నా వైపు తిరిగాడు. "ఇగ గా పాలు పొంగుడు సంగతి మీ అక్కకు నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. అక్క పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత నవ్వింది. "పెండ్లిపీటల మీద ఎడమ దిక్కే కూసోవెట్టిరి గదా నన్ను. గప్పటిసంది ఈయన పక్కన ఎడమకే కూసుంటున్న. ఎవలకు చెప్పిన్నో ఇన్నేండ్లు!" ఆ సాయంత్రం నుంచి ఆమె పీట కుడిపక్కకు మారింది.

ఇంట్లో పీట మారినంత సులువు కాదు మార్కెట్. మర్నాడు నేను నా ఎడమ చెవిలో దూది కుక్కుకొని, దాని మీద అరచెయ్యి గట్టిగా నొక్కిపట్టుకొని షెడ్డులో నిలబడ్డాను. ఆ అనుభవం ఎట్లా చెప్పను? అంతవరకు ఎవరి చోట వాళ్లున్న గొంతులన్నీ జారి ఒక్క గుంటలో పడ్డాయి. ఎవరు దగ్గర, ఎవరు దూరం తెలియలేదు. నా వెనక హమాలి "జరుగు" అంటే ముందుకు చూశాను. చెయ్యి తీసి దూది లాగాను. గొంతులు లేచి మళ్లీ ఎవరి చోటికి వాళ్లు పోయి నిలబడ్డాయి. పెట్టాను, తీశాను. ఇంత పెద్ద ఇంద్రజాలం జీవితమంతా నా తలలో జరుగుతుంటే ఒక్కసారీ నేను చూడలేదే! ఇంకో సంగతి కూడా దొరికింది. దూది ఉన్నా సరే, పాడేవాడి పెదాల మీద చూపు నిలిపితే ఆ గొంతు ముద్దలోంచి కాస్త పైకి తేలేది. కన్ను చెవికి చెయ్యందిస్తుందని ఏ బొమ్మలో ఉంది చెప్పండి?

అది బావకు చెప్పాను. ఆయన తువ్వాల ఒళ్లో పెట్టుకొని మడతలు వేస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

"నోరు కనవడాలె. గంతే కదా?"

"గంతే. కని చెప్పాలె బావా, చెవి పోయిందని. చెప్తే సేటు ఊకుంటడా?"

"చెప్పకుంటే దొంగను. చెప్తే చెవిటోన్ని. చెవిటోన్నైతే నా ముఖం నాకుంటది" అన్నాడు.

హోలీ ఇంకా రాలేదు. ఆ ఉదయం హర్రాజు మొదలుకాకముందే బావ షెడ్డులో నడిచిపోయి, బస్తాలు తూచే పెద్ద కాంటా పలక మీదికెక్కి నిలబడ్డాడు. పసుపు బస్తాల మీద కాలు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఎత్తుగా ఉన్నది అదొక్కటే.

"ఏందిది? ముందు నిన్ను జోకుతరా, పసుపును జోకుతరా?" అని ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి.

బావ నవ్వులు ఆగనిచ్చి, గొంతెత్తి చెప్పాడు. "నాకు ఎడమ చెవి లేదు. చిన్నప్పుడే పోయిందట. నాకే మొన్న తెలిసింది. ఇగ నుంచి పాడేటోళ్లంత నా ముంగట ఒక్క వరుసల నిలవడాలె. పాడేటప్పుడు ఎవని భుజం మీది తువ్వాల వాడు లేపాలె. లేపినోన్ని నేను చూస్త, చూసినోన్ని నేను ఇంట."

సేటు మొహం ఎర్రబడింది. "చెవిటోని చేతిల హర్రాజు వెట్టిండంటే నా దుకాణం ఇజ్జత్ పోదా?"

"దొంగ చేతిల పెట్టిండంటే పోదా సేటు?" అన్నాడు బావ, కాంటా దిగకుండా.

సేటు విసుగ్గా, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. పటేల్ మాత్రం నమ్మలేదు. ఆ రోజు ఆయన పసుపు కూడా కుప్పపోసి ఉంది. "గివన్నీ నాటకాలు" అని నాతో అంటూ, కాంటా వెనకనుంచి బావ ఎడమ భుజం దగ్గరికి పోయాడు. అక్కడ నిలబడి, కేక వేయకుండా, మామూలు గొంతుతో బావను తిట్టడం మొదలుపెట్టాడు. నేను ఇక్కడ రాయలేని తిట్లు. ఎంత నిబ్బరం ఉన్నవాడైనా ఒక్కసారి తిరగాల్సిందే. బావ తిరగలేదు. ముందున్న వరుసకేసి చూస్తూ తువ్వాల సవరించుకుంటున్నాడు. వరుసలోవాళ్లు పక్కున నవ్వారు.

"ఎందుకు నవ్వుతున్నరు?" అన్నాడు బావ, తనూ కొంచెం నవ్వుతూ.

నవ్వు దానంతట అదే చచ్చిపోయింది. పటేల్ నోరు మధ్యలో ఆగింది. ఆయన నేల చూపులు చూస్తూ వచ్చి తన కుప్ప దగ్గర నిలబడ్డాడు.

పాట మొదలైంది. తువ్వాల లేచిన దిక్కుకు బావ చూపు పోయేది, చూపు పోయిన చోట గొంతు దొరికేది. స్తంభం నీడ వదలాల్సి వచ్చిన బొజ్జ వ్యాపారి ఎండలో చెమటలు కక్కుతూ పాడాడు. పటేల్ పసుపు ఆయనకు పోలేదు, వరుసలో ఎడమ చివరనున్నవాడికి పోయింది. ఒకప్పుడు ధరను దాచిన గుడ్డే ఇప్పుడు గాలిలో లేచి ధరను చూపిస్తోందని ఆ రోజు నాకు తప్ప ఎవరికీ తోచినట్టు లేదు. అందరూ తూకం తొందరలో ఉన్నారు.

హోలీ వచ్చి పోయింది. తువ్వాల బావ భుజం మీదే ఉంది, తొంభైల్లో ఆయన పని మానేదాకా. మొదటి డాక్టరు రోడ్డు మీద కనబడితే నేను ఇప్పటికీ పలకరించను. పటేల్ కూడా బావకు తప్పయిందని చెప్పలేదు. ఆ ఒక్క మాట ఆయన నోట రాలేదని నాకు చాలా ఏళ్లు మంటగా ఉండేది. కానీ ఒకటి చూశాను. తర్వాత ఆయన మా దుకాణానికి ఎప్పుడొచ్చినా, బావ ఎటు తిరిగి ఉన్నా, చుట్టూ తిరిగొచ్చి కుడిపక్కన నిలబడ్డాకే నోరు విప్పేవాడు.